నేలకో నోరు

చెప్పమన్నారు గనక చెబుతున్నాను. ఎప్పటి మాట అని మాత్రం అడక్కండి. సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాలేదు. ఏరు ఇప్పుడు పారే దారిన ఇంకా పారలేదు. మా తాతలకి తాతలు ఇంకా ఉయ్యాల్లో కూడా పడలేదు. అదిగో, అప్పటి మాట.

ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక ఊరుండేది. పేరు మొగపేట. ముప్పై గడప. ముప్పై ఇళ్ళూ తాటాకు ఇళ్ళే. మట్టి గోడలు, మట్టి నేలలు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకామె ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు పుట్టలేదు. ఆమె పని ఇళ్ళు అలకడం. పేడా ఎర్రమట్టీ నీళ్ళల్లో కలిపి, మోకాళ్ళ మీద కూచుని, అరచేత్తో గుండ్రంగా అలుక్కుంటూ వెనక్కి వెనక్కి జరిగేది. ఈ మూల మొదలెడితే ఆ మూల తేలేది. ఆమె అలికిన నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు అనేవారు. ఇంటికింత గంజి, ఇంత కూర. అదే ఆమె బతుకు.

దాలమ్మకి ఒక్క గుణం ఉంది. మంచిదో చెడ్డదో మీరే చెప్పండి. ఏది చూసినా ఎందుకని అడిగేది. పీత పక్కకెందుకు నడుస్తుంది? పొగ పైకే ఎందుకు పోతుంది? పెరుగు తోడుకుంటే పాలెక్కడికి పోయాయి?

"అవన్నీ నీకెందుకే?" అనేవారు.

"తెలవాల గదా!" అనేది దాలమ్మ.

ఇలా ఉండగా ఒక కార్తీకమాసంలో గాలివాన వచ్చింది. మూడు రోజులు వీచింది. మొదటి రోజు కప్పులు లేచిపోయాయి. రెండో రోజు గోడలు కూలిపోయాయి. మూడో రోజు సముద్రమే ఊళ్ళోకి నడిచొచ్చింది. వచ్చింది ఊరికే పోలేదు, మోకాలెత్తు ఇసక పోసి పోయింది.

నీళ్ళు తీసాక ఊరి పెద్ద పెదనాయుడు అందర్నీ పిలిచాడు. "మట్టి నేల ఉన్నన్నాళ్ళూ ఇదే గతి. ఎర్రన్నా, నువ్వు కుండలు కాల్చినట్టే నేలకి పలకలు కాల్చగలవా?" అని అడిగాడు.

ఎర్రన్న ఆ ఊరి కుమ్మరి. మాట తక్కువ మనిషి. "సూస్తాను బాబూ" అన్నాడు.

చూశాడు. జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ళ మందం. రొట్టె తట్టినట్టు తట్టి, నీడన ఆరబెట్టి, ఆవంలో పేర్చి కాల్చాడు. దానిమ్మ తొక్క రంగులో వచ్చాయి పలకలు. ముప్పై ఇళ్ళకీ కాల్చాడు. జనం ఇసకని ఎత్తిపోసుకోలేక, దాన్నే చదును చేసి, దాని మీదే పలకలు పరుచుకున్నారు.

ఆడవాళ్ళ సంతోషం ఇంతా అంతా కాదు. పేడ తెచ్చే పని లేదు. వారం వారం అలికే పని లేదు. చీపురుతో ఊడిస్తే అద్దం.

దాలమ్మకి మాత్రం పని పోయింది. ముప్పై ఇళ్ళలో ఒక్క ఇల్లూ అలకమని పిలవలేదు. ఏటి ఒడ్డున పుల్లలేరుకుని, పిడకలు చేసుకుని బతకడం మొదలెట్టింది. ఆమె గుడిసెకి ఎవరూ పలకలు ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఇక్కడితో అయిపోతే ఇది కథే కాదు.

ఆషాఢం వచ్చింది. వానలు పడ్డాయి. ఒకింట్లో మజ్జిగ ఒలికింది. నేల తాగింది. తాగి ఊరుకుంది. ఇంకో ఇంట్లో దీపం ఒరిగి నూనె పోయింది. నేల తాగింది. తాగి ఊరుకుంది. మరో ఇంట్లో చేపల పులుసు దాక బోర్లాపడింది. నేల తాగింది. తాగి ఊరుకుందా? లేదు. పది రోజులు కంపు కొట్టింది. ఎంత కడిగినా మచ్చ మచ్చే. పైగా పలకల మీద తెల్లగా, బూజులా, పిండిలా ఏదో పైకి తేలడం మొదలెట్టింది. తుడిస్తే పోతుంది. తెల్లారేసరికి మళ్ళీ ఉంటుంది. అది తేలిన చోటల్లా పలక పొరలు పొరలుగా రాలిపోతోంది.

శ్రావణంలో పెదనాయుడి కోడలు పారమ్మ పుట్టింటి నుంచి చంటిపిల్లాడితో వచ్చింది. గుమ్మంలో ఎర్రనీళ్ళు తిప్పుతున్నారు. పసుపూ సున్నం కలిపిన నీళ్ళు, మీకు తెలుసుగదా, రక్తంలా ఉంటాయి. దిష్టి తీసి బయట పారబొయ్యాలి. పళ్ళెం చెయ్యి జారింది. నీళ్ళన్నీ గడప లోపలి పలకల మీద పడ్డాయి. అందరూ చూస్తుండగానే నేల గుటుక్కున తాగేసింది. ఎర్రటి మచ్చ మిగిలింది.

బూడిదతో తోమారు. పోలేదు. చింతపండుతో తోమారు. పోలేదు. ఇసకతో తోమారు. పోలేదు. మూడో రోజున పిల్లాడికి జ్వరం వచ్చింది.

అప్పుడు లేచింది ఒక మాట. ఎవరన్నారో తెలీదు. ఊళ్ళో మాటకి తల్లీ తండ్రీ ఉండరు. "ఎర్రన్న వల్లకాట్లో మట్టి తవ్వాడంట. ఆ మట్టిలో చచ్చినోళ్ళున్నారు. వాళ్ళకి దాహం. అందుకే నేల తాగతంది."

పిల్లాడి జ్వరం నాలుగు రోజులకి తగ్గింది. మాట మాత్రం తగ్గలేదు.

వలలు ఆరేసే దిబ్బ మీద ఊరంతా చేరింది. ఎర్రన్న చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"చెరువు మట్టే బాబూ. నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు.

"మరి నేలెందుకు తాగతంది?" అన్నాడు పెదనాయుడు.

"నాకూ తెల్దు బాబూ" అన్నాడు ఎర్రన్న.

"ఇప్పుడు తవ్వితే వానలకి ఇళ్ళు బురదైపోతాయి. వచ్చే ఏరువాక లోపల పలకలన్నీ పెకలించి ఏట్లో పోస్తాం. ఆ రోజే నువ్వు పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని ఊరు దాటాలి" అన్నాడు పెదనాయుడు. అందరూ తలలూపారు.

వెనక నుంచి ఒక గొంతు వినబడింది. "బాబూ, ఎంత తాగతంది?"

తిరిగి చూస్తే దాలమ్మ.

"ఏటే?"

"నేల తాగతంది అంటన్నారు గదా. ఎంత తాగతంది? గిద్దెడా, సోలెడా? ఎప్పటికైనా కడుపు నిండతాదా, నిండదా?"

జనం నవ్వారు. ఒకామె అంది, "నీ కూడు తీసిన పలకలే అవి, దాలీ! పోతే నీకే మంచిది గదే. మళ్ళా అందరం నిన్నే పిలుస్తాం."

"కూడు మాట తరవాత. ముందు తెలవాల గదా!" అంది దాలమ్మ. పెదనాయుడి వైపు తిరిగి, "ఏరువాక దాకా ఎలాగూ ఆగుతారు. ఆ లోపల ఎందుకు తాగతందో నాను కనుక్కుంటాను. కనుక్కుంటే ఎర్రన్నని ఉండనియ్యండి" అంది.

"కనుక్కోకపోతే?"

"నాకూ తెల్దు, తవరికీ తెల్దు. ఇప్పుడూ అంతే గదా బాబూ."

పెదనాయుడు సరే అన్నాడు.

దాలమ్మ ఎర్రన్న ఇంటికెళ్ళి ఒక పలక అడిగి తెచ్చుకుంది. నీళ్ళ తొట్టెలో వేసి పక్కన కూచుంది. పలక బుడబుడమంది. బుడగలు పైకి వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. ఒక పిడక కాలినంత సేపు వచ్చి, ఆగిపోయాయి. తీసి చూస్తే పలక బరువెక్కింది. ఎండలో పెట్టింది. మూడో రోజుకి మళ్ళీ తేలికైంది. విరగ్గొట్టి లోపల చూసింది. అట్టుకి చిల్లులున్నట్టు, కంటికి ఆనీ ఆనని చిల్లులు.

పరుగున ఎర్రన్న దగ్గరికొచ్చింది. "ఎర్రన్నా, నీ కుండలో నీళ్ళు సల్లగుంటాయెందుకు?"

"కుండకి సెమట పడతాది గదప్పా" అన్నాడు ఎర్రన్న. దాలమ్మని అతను అక్క వరసన అప్పా అనేవాడు.

"కుండకి సెమట పడితే సల్లటి నీళ్ళని తాగతారు. పలకకి సెమట పడితే దెయ్యం అంటారేటి? ఇదీ ఆ మట్టే గదా. దీనికి దాహం లేదు, సిల్లులున్నాయి. సిల్లులు మూస్తే సరి."

ఎర్రన్న మొహంలో నెల రోజుల తరవాత మొదటిసారి వెలుగొచ్చింది. అతని ఇల్లంతా కూడా అవే పలకలు. ముందు అరుగు, దాని వెనక నడవ, ఆ వెనక వంటిల్లు. "మూడూ నీవే అప్పా. ఏం జేస్తావో సెయ్యి" అన్నాడు.

తలకి ఆముదం రాసుకుంటే వాన నీళ్ళు జారిపోతాయి గదా అనుకుంది దాలమ్మ. గింజలేరుకొచ్చి, దంచి, వండి, కుండెడు ఆముదం తీసింది. తీసి అరుగంతా పోసింది. పొయ్యడమంటే మామూలుగా కాదు, చేను తడిపినట్టు పోసింది.

మూడు రోజులైనా ఆరలేదు. దుమ్ము వచ్చి అతుక్కుంది. చీమలు వచ్చాయి. కోడి వచ్చి కాళ్ళు ఇరుక్కుని అరిచింది. ఎర్రన్న పెళ్ళాం నూకాలు నీళ్ళ బిందెతో వచ్చి సర్రున జారి పడింది. నడుం పట్టేసింది. పక్షం రోజులు మంచం దిగలేదు.

"మమ్మల్ని ఊరు దాటించీదాకా ఆగలేవా ఒదినా, ముందే సంపీసీలాగున్నావు!" అంది నూకాలు మంచంలోంచి.

దాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ పక్షం రోజులూ నూకాలు వంటా, నీళ్ళూ తనే చూసింది. ఇక మానేద్దామనుకుంది కూడా. ఒక రోజు నూకాలు నడుముకి కాపడం పెట్టడానికి మంత్రసాని అంకమ్మ వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఎదురింట్లో ఆగి పసిబిడ్డకి ఒళ్ళు రుద్దుతోంది. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"అంకమ్మా, అంత సిన్న గిన్నెడు నూనేనా? ఇంకొంచెం పొయ్యవా?"

"ఎందుకే? బిడ్డ ఒళ్ళు తాగినంతే నూనె. మిగిలింది తుడిసీయాల. నూనె గోరెచ్చగుండాల, పల్చగుండాల, సెయ్యి ఆడాల. పోసీసి పోతే బిడ్డ ఒళ్ళు జిడ్డోడతాది గానీ పుష్టి రాదు."

దాలమ్మ ఆ మాట నోట్లో నానేసుకుంటూ గానుగ దాకా నడిచింది. గానుగవాడు అవిసెలు ఆడుతున్నాడు. రోలు అంచున పాత నూనె చుక్కలు కనబడ్డాయి. ముట్టుకుంటే చేతికి అంటలేదు. మీగడ కట్టినట్టు గట్టిపడి ఉన్నాయి. పక్కనే ఆముదం చుక్కలున్నాయి. అవి ఇంకా జిగటగానే ఉన్నాయి. "ఓహో! ఆరే నూనె ఏరు, ఆరని నూనె ఏరు" అనుకుంది.

గానుగవాడికి పది బుట్టల పిడకలిచ్చి అవిసె నూనె తెచ్చుకుంది. గోరువెచ్చగా కాచింది. బిడ్డకి రాసినట్టు నడవ అంతా రాసింది. పలక తాగినంత తాగనిచ్చి, మిగిలింది పాతగుడ్డతో తుడిచేసింది. రెండు రోజులాగి మళ్ళీ. ఇంకో రెండు రోజులాగి మళ్ళీ. మూడు పూతలు. నేల తేనె రంగుకి తిరిగింది. నీళ్ళు చిలకరిస్తే తామరాకు మీద ఆగినట్టు ఆగాయి. ఊరంతా వచ్చి చూసింది. నూకాలు కూడా మంచం దిగి వచ్చి చూసింది.

అది ఆశ్వయుజం. ఇంకా వానలు వెనకపట్టలేదు. పదిహేను రోజులు గడిచాయో లేదో, తేనె రంగు నేల కింద తెల్లగా మచ్చలు లేచాయి. అవి ఉబ్బాయి. పలక పై పొరంతా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పూత లేని ఇళ్ళకన్నా ఘోరం.

"సూసారా! చచ్చినోళ్ళ నోరు మూస్తే ఊరుకుంటారా? ఉమ్మేసారు" అన్నారు జనం.

ఆ తెల్లటి పిండి దగ్గరికి పోవడానికి కూడా భయపడ్డారు. దాలమ్మ వంగి, వేలితో తీసి, నాలిక మీద వేసుకుంది.

"అయ్యో అయ్యో!" అన్నారు అందరూ. నూకాలు కళ్ళు మూసుకుంది.

దాలమ్మ చప్పరించింది. ఇంకొంచెం తీసి చప్పరించింది. అప్పుడు నవ్వింది. "ఉప్పర్రా!" అంది. "ఇది సముద్రం ఉప్పు. గాలివాన పోసిన ఇసకే గదా పలకల కింద ఉన్నాది. వాన తడికి ఆ ఉప్పు కరిగి, సిల్లుల్లోంచి పైకొస్తంది. ఎండకి ఆరి గట్టిపడతంది. చచ్చినోళ్ళూ లేరు, గిచ్చినోళ్ళూ లేరు. కావాలంటే మీరూ నాకి సూడండి."

ఎవరూ నాకలేదు. పెదనాయుడి కోడలు పారమ్మ మాత్రం చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ముందుకొచ్చింది. వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. "అవును, ఉప్పే" అంది.

సగం మంది నమ్మారు. సగం మంది, నేల తాగడం మానితే అప్పుడు నమ్ముతాం అన్నారు. ఎందుకు తాగుతుందో తెలిసింది సరే. ఎలా ఆపాలో తెలియలేదు. నూనె రాస్తే ఇంకా పాడైంది గదా. ఎందుకు పాడైంది?

దాలమ్మకి నిద్ర పట్టడం మానేసింది. ఉసిరికాయల రోజులొచ్చాయి. భ్రమరాంబగారింటికి పిడకలు వెయ్యడానికెళ్ళి పెరటి గుమ్మంలో నిలబడింది. భ్రమరాంబగారి ఊరగాయలంటే పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి పట్టుకెళ్ళేవారు. ఆవిడ ఉసిరికాయల్ని ఒక్కొక్కటీ బట్టతో తుడుస్తోంది. జాడీని ఎండలో బోర్లించింది.

"కడిగేసారు గదమ్మగారూ, ఇంకా తుడుస్తారేటి?"

"తడి ఉంటే ఎలాగే? తడి మీద నూనె పోస్తే తడి ఎటూ పోలేదు. లోపలే ఉండి బూజవుతుంది. ముందు తడారాలి. తరవాతే నూనె. ఏ ఊరగాయకైనా అంతే."

దాలమ్మ బుట్ట అక్కడే వదిలేసి పరుగెత్తింది. భ్రమరాంబగారు "పిడకలే, పిడకలు!" అని పిలుస్తూనే ఉంది.

ఇక మిగిలింది వంటిల్లొక్కటే. అది పోతే ఎర్రన్న ఊరు దాటాల్సిందే. అందుకని ఈసారి దాలమ్మ తొందరపడలేదు. మార్గశిరం నుంచీ మొదలెట్టి, రోజూ పొడి కొబ్బరి పీచుతో ఆ ఉప్పుని తోమి ఎత్తిపోసింది. నీళ్ళు చుక్క తగలనివ్వలేదు. నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ పలకలోకే పోతుందని ఈపాటికి ఆమెకి తెలుసు. పుష్యంలో చేటెడు ఉప్పు లేచింది. మాఘంలో దోసెడు లేచింది. ఫాల్గుణంలో చిటికెడు. చైత్రంలో ఏమీ లేవలేదు. నూకాలు ఆ ఆరు నెలలూ పెరట్లో పొయ్యి పెట్టుకుని వండింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదంటే అబద్ధం. చాలాసార్లు విసుక్కుంది. అయినా వండింది.

వైశాఖంలో దాలమ్మ రేవుకెళ్ళింది. నూనె పూత కాళ్ళ కింద అరిగిపోతే మళ్ళీ మొదటికే వస్తుంది గదా అని ఆమె దిగులు. అక్కడ పోలయ్య తాత పడవ బోర్లించి, గుగ్గిలం పొడి నూనెలో కాచి, చెక్కల సందుల్లో నింపుతున్నాడు.

"తాతా, ఇది అరగదా?"

"ఎందుకరగదు? అరుగుద్ది. ఏటేటా రాస్తాం. నిండా ఎండలో ఆరబెట్టి రాస్తాం. పడవైనా మనిషైనా ఏడాదికోసారి ఒళ్ళు సూసుకోవాల."

పడవ లోపలి వైపు ఒక చిన్న చెక్క తెల్లగా, ఏ పూతా లేకుండా కనబడింది. "ఇది మరిసిపోయావా తాతా?"

"మరిసిపోలేదే. కావాలనే వదిలీసాను. అన్నీ మూసీస్తే లోపల సెక్క తడిగుందో పొడిగుందో నాకెవరు సెప్తారు? దీన్ని ముట్టుకు సూస్తే తెల్సిపోద్ది."

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. వంటింటి తలుపులన్నీ తీసి తొమ్మిది రోజులు ఎండనీ గాలినీ లోపలికి రానిచ్చింది దాలమ్మ. పదో రోజున అవిసె నూనెలో కొంచెం గుగ్గిలం వేసి కాచింది. పల్చగా రాసింది. తుడిచింది. ఆరనిచ్చింది. రెండోసారి రాసింది. తుడిచింది. ఆరనిచ్చింది. మూడోసారి రాసింది. తుడిచింది. ఆరనిచ్చింది. అది బాగా ఆరాక తేనెమైనం గుడ్డ మీద వేసి, మోకాళ్ళ మీద కూచుని, అరచేత్తో గుండ్రంగా, వెనక్కి వెనక్కి జరుగుతూ రుద్దింది. ముప్పై ఏళ్ళు నేల అలికిన చెయ్యి అది. ఆ మూలకి తేలేసరికి ఈ మూల మెరుస్తోంది. ఒక్క పలక మాత్రం, పొయ్యి పక్కది, వదిలేసింది.

ఏరువాక ముందు రోజున పెదనాయుడు గునపాలు పట్టుకున్న మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రన్న సామానంతా అప్పటికే మూట కట్టి ఉంది.

"కనుక్కున్నావేటే?" అన్నాడు.

"కనుక్కున్నాను బాబూ. ఎర్రనీళ్ళు తెప్పించండి."

పారమ్మే కలిపి తెచ్చింది. పసుపూ సున్నం, పళ్ళెం నిండా. దాలమ్మ చెయ్యి చాచింది. పారమ్మ ఇవ్వలేదు. "నేనే పోస్తాను" అని పళ్ళేన్ని నేల మీద ఒంపేసింది.

ఎర్రనీళ్ళు పలకల మీద నిలబడ్డాయి.  మంత్రసాని అంకమ్మ లెక్కబెట్టింది, ఒకటి నుంచి నూరు దాకా. నేల తాగలేదు. పారమ్మ గుడ్డతో తుడిచింది. మచ్చ లేదు. పెదనాయుడు వంగి, ఆ చోట వేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

"ఇది ఎండలో సంగతి. ఒక వాన సూద్దాం" అన్నాడు.

చూశారు. ఆ వాన మూడు రోజులు పడింది. మూడు రోజులూ ఎర్రన్న పిల్లలు మూటల మీదే కూచున్నారు. నాలుగో రోజున పెదనాయుడు ఒక్కడే వచ్చాడు. వంటింటి నేలంతా తిరిగి చూశాడు. తెల్లటి పిండి రవ్వంత లేదు. బయటికొచ్చి గునపాల వాళ్ళతో, "ఇళ్ళకి పోండి" అన్నాడు. తరవాత ఎర్రన్న ఎదట నిలబడ్డాడు. 

"ఆ మూటలు విప్పించు, ఎర్రన్నా. నీ మీద రాకూడని మాట వచ్చింది. దాన్ని నేనూ మోశాను" అన్నాడు.

ఎర్రన్న పిల్లల్ని మూటల మీంచి దింపాడు. నూకాలు మూటలు విప్పుతూ ఏడ్చింది.

తరవాతి ఎండాకాలం ముప్పై ఇళ్ళ వాళ్ళూ దాలమ్మని పిలిచారు. ఆమె అందరికీ నేర్పింది. ప్రతి ఇంట్లోనూ గడప లోపల ఒక్క పలక వదిలేసేది.

"ఇది మరిసిపోయావు, దాలమ్మా" అన్నాడు పెదనాయుడు తన ఇంట్లో. అప్పటి నుంచీ ఆయన ఆమెని ఏటే అనడం మానేశాడు.

"మరిసిపోలేదు బాబూ. నేలకో నోరుంచినాను. లోపల తడుందో లేదో ఇదే సెప్తాది."

ఆమె గుడిసెకి కూడా పలకలు వేస్తానన్నాడు ఎర్రన్న. ఆమె వద్దంది. "నా సెయ్యి అలుకు మర్సిపోతాది" అంది.

ఏళ్ళు గడిచాయి. దాలమ్మ చెయ్యి వణికింది. మోకాళ్ళు వంగలేదు. మంచం పట్టింది. గుడిసె నేల బీటలు తీసింది. ఒక రోజు పారమ్మ వచ్చింది. అప్పటికి ఆమె పెద్దింటి యజమానురాలు. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి, పేడ కలిపి, మోకాళ్ళ మీద కూచుని గుడిసె అలకడం మొదలెట్టింది. జన్మలో ఎన్నడూ అలికిన మనిషి కాదు.

"అలా కాదమ్మా. గుండ్రంగా. ఎనక్కి జరగాల" అంది దాలమ్మ మంచంలోంచి.

"గుండ్రంగానే ఎందుకు?" అంది పారమ్మ.

దాలమ్మ మొహం విప్పారింది. ఎవరైనా తనని ఎందుకని అడగడం ఆమె బతుకులో అదే మొదటిసారి. గుండ్రంగా అలికితే గీతలెందుకు పడవో, చెయ్యి ఎక్కడ ఆపకూడదో, మాఘంలో పేడకీ శ్రావణంలో పేడకీ తేడా ఏమిటో, పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది. తరవాత వారం వారం ఒకరు వంతున వచ్చి ఆ గుడిసె అలికారు. ఒక పుష్యమాసంలో, మిట్టమధ్యాహ్నం, నూకాలు అలుకుతూ ఏదో చెబుతుంటే వింటూ వింటూ దాలమ్మ పోయింది.

తలకొరివి ఎర్రన్న పెట్టాడు. కానీ పెద్దకర్మ అయ్యాక ఒక మాట వచ్చింది. ఆమెకి కొడుకులు లేరు, కూతుళ్ళు లేరు. ఏటేటా నీళ్ళు వదిలేదెవరు?

ఎవరూ ఏమీ అనకముందే పారమ్మ లేచి ఇంటికెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, గడప లోపల ఆ పూత లేని పలక మీద పుడిసెడు పోసింది. "దాలమ్మా, తాగు" అంది. పలక తాగింది. మర్నాడు పక్కింటివాళ్ళూ పోశారు. ఆ పక్కవాళ్ళూ పోశారు. మూడో రోజుకి ముప్పై ఇళ్ళలోనూ పోశారు.

ఇదీ జరిగింది. మొగపేట ఇప్పుడు లేదు, ఏరు దారి మార్చుకుని తనతో తీసుకుపోయింది. అక్కడి వాళ్ళు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వచ్చి చేరారు. మట్టి పలకల నేలున్న ఇల్లు ఈ వైపు ఎక్కడ చూసినా, గడప లోపల ఒక పలక మెరవకుండా, పేలవంగా ఉంటుంది. దాన్ని దాలమ్మ పలక అంటారు. పెళ్ళయి కొత్తగా వచ్చిన కోడలికి అత్తగారు అన్నిటికన్నా ముందు దాన్నే చూపిస్తుంది. పొద్దున్నే ముఖం కడుక్కున్న మనిషి ఎవరైనా సరే, పుడిసెడు నీళ్ళు దాని మీద పోసి "దాలమ్మా, తాగు" అంటారు. నీళ్ళు వెంటనే ఇంకిపోతే నేల పొడిగా ఉన్నట్టు. నూనె కాచుకోవచ్చు. నీళ్ళు నిలబడిపోతే కింద ఇంకా తడి ఉన్నట్టు. "దాలమ్మ తాగందే నూనె ముట్టకు" అని సామెత.

ఈ పొద్దున మా ఇంట్లో నేనూ పోశాను. నీళ్ళు వెంటనే ఇంకలేదు. ఇందాక మీరు లోపలికొచ్చేటప్పుడు గడప దగ్గర చూసి ఉంటారు, పలక ఇంకా చెమ్మగానే ఉంది. రోహిణి సగం అయిపోయింది, నూనె కాచవేమని మా కోడలు రోజూ అడుగుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను.